పాలమూరు బండల వయసు ఎలా తేలింది?

నాగర్‌కర్నూల్ జిల్లా తిమ్మాజిపేట మండలం జడ్చర్లకూ నాగర్‌కర్నూలుకూ నడుమ ఉంటుంది. ఎర్ర చెలకలు, వాటి మధ్య గుండ్రాళ్ల గుట్టలు, చెరువు కట్టల పక్కన పరుపు బండలు ఇక్కడి నేల తీరు. బావి తవ్వినా బోరు వేసినా గట్టిరాయి తగలక మానదు. ఆ రాయి గ్రానైటు, లేదా దానికి దగ్గరి చుట్టమైన నైస్. భూగర్భ శాస్త్రవేత్తలు తూర్పు ధార్వాడ్ క్రేటన్ అని పిలిచే ప్రాచీన భూఖండపు ముక్కలో ఇదంతా భాగం. ఈ ముక్కలోని గ్రానైట్లలో అధిక భాగం 270 కోట్ల నుంచి 250 కోట్ల సంవత్సరాల కిందట, భూమి లోపల కరిగిన శిలాద్రవం చల్లారి గడ్డకట్టగా ఏర్పడ్డాయి. అప్పటికి నేల మీద గడ్డిపోచ లేదు, నీటిలో చేప లేదు, గాలిలో ఊపిరికి పనికొచ్చేంత ఆక్సిజన్ కూడా లేదు. చూసినవారు లేని సంఘటనకు ఇంత ధీమాగా అంకె ఎలా వేశారన్నది ఈ బండల మీద కూర్చున్న ఎవరికైనా రావలసిన ప్రశ్న.

ఆ జవాబు చెప్పే శాస్త్రం జియోక్రోనాలజీ. దాని పుట్టుక ఐరోపాలో జరిగినా, అందులోని ముఖ్య పద్ధతులన్నిటికీ ఉదాహరణలు పాలమూరు అని పిలిచే పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనూ, కృష్ణ దాటితే కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లోనూ కనిపిస్తాయి. వాటిని కొలిచిన ప్రయోగశాలల్లో కొన్ని కూడా దగ్గరివే. హైదరాబాద్ ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అందరి నోట ఎన్‌జీఆర్‌ఐ, 1961లో ఏర్పడింది. బేగంపేటలో అణు ఖనిజాల అన్వేషణ సంస్థ ఉంది. ఈ రెండు చోట్ల జరిగిన పనిని పక్కనబెట్టి దక్షిణ భారత శిలల కాలక్రమం రాయడం కుదరదు.

ముందేది, వెనకేది

వయసు తేల్చడంలో మొదటి మెట్టు అంకె కాదు, వరుస. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగిందన్నది రాళ్లను చూసే చెప్పవచ్చు. డెన్మార్కుకు చెందిన నికొలాస్ స్టెనో ఇటలీలోని టస్కనీ కొండలను పరిశీలించి 1669లో దీనికి పునాది వేశాడు. నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్న రాళ్లలో, ఆ తర్వాత తలకిందులు కాకుండా ఉన్నంతవరకు, కింది పొర పాతది, పై పొర కొత్తది. ఒక రాతిని చీల్చుకుంటూ ఇంకో రాయి వెళ్లిందంటే చీలినది పాతది, చీల్చినది కొత్తది. ఒక రాతిలో ఇంకో రాతి గులకలు ఉన్నాయంటే గులకల తల్లిరాయి ముందు పుట్టింది.

రెండో సూత్రానికి పాలమూరు నేల మంచి పాఠం. ఇక్కడి లేత బూడిద, గులాబి రంగు గ్రానైట్ల మధ్య నల్లటి రాళ్ల వరుసలు బారుగా సాగిపోతాయి. భూమి పొరల్లో పడిన పగుళ్లలోకి కింది నుంచి బసాల్టు ద్రవం ఎగదన్ని, అక్కడే గోడలా గడ్డకట్టిన డైకులు ఇవి. ఒక్కోటి కిలోమీటర్ల పొడవున, మీటర్ల నుంచి పదుల మీటర్ల వెడల్పున ఉంటుంది. నీటి జాడ వెతికేవారికి ఇవి ముఖ్యం. పగుళ్లు లేని డైకు భూగర్భ జలానికి అడ్డుకట్టలా పనిచేసి, ఎగువ వైపు నీళ్లు నిలుపుతుంది. వయసు వెతికేవారికి అది చెప్పే సంగతి వేరు. గ్రానైటు పూర్తిగా గట్టిపడి, పగుళ్లు పట్టేంత చల్లారిన తర్వాతే డైకు వచ్చింది.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో ఈ వరుస ఇంకా బాగా తెలుస్తుంది. అచ్చంపేట వైపు దాకా గ్రానైటు మైదానం. తర్వాత మన్ననూరు ఎక్కేసరికి రాయి మారిపోయి, పలకలు పలకలుగా పేర్చినట్టుండే గట్టి ఇసుకరాయి, అంటే క్వార్ట్‌జైటు, మొదలవుతుంది. నల్లమల ఉత్తరపు అంచున ఉన్న ఈ శ్రీశైలం క్వార్ట్‌జైట్లు కడప బేసిన్‌కు చెందినవి. గ్రానైటు భూమి లోపల కిలోమీటర్ల లోతులో పుట్టే రాయి. అది ఇసుక పరుచుకునే నేలగా మారాలంటే పైనున్న కొండలన్నీ అరిగిపోయి, ఆ లోతు బయటపడాలి. కాబట్టి గ్రానైటుకూ దాని మీది మొదటి ఇసుక పొరకూ మధ్య కనిపించే గీత ఒట్టి గీత కాదు. మొత్తం కొండలు కరిగిపోయినంత కాలం ఆ గీతలో దాగి ఉంది. తిరుమల ఘాట్ రోడ్డులో కనిపించే ఇలాంటి గీతనే భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. స్కాట్లండ్ తీరంలోని సికార్ పాయింట్‌లో 1788లో జేమ్స్ హటన్ ఇటువంటి గీతను చూసే భూమి వయసు మనుషుల లెక్కకు అందనంత పెద్దదని గ్రహించాడు.

కడప, కర్నూలు రాళ్ల పొరల క్రమాన్ని మొదట వివరంగా నమోదు చేసినవాడు విలియం కింగ్. ఆయన నివేదిక 1872లో సర్వేక్షణ సంస్థ మెమాయిర్లలో వెలువడింది. సుత్తి, దిక్సూచి, గుర్రం తప్ప పెద్ద సాధనాలు లేని ఆ రోజుల్లో ఆయన వేసిన వరుసలో చాలా భాగం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కానీ ఏ పొర ఎన్ని కోట్ల సంవత్సరాలదో కింగ్ చెప్పలేకపోయాడు. శిలాజాలు ఆదుకునేవేమో అంటే, ఈ రాళ్లు గవ్వలూ ఎముకలూ పుట్టకముందువి. గోదావరి లోయలో ఆ సాయం దొరుకుతుంది. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. ఆ రాళ్లలోని జీవుల పోలికను బట్టి అవి జురాసిక్ కాలపు తొలి భాగానివని నిర్ణయించారు. పాలమూరుకు ఆ అవకాశం లేదు. ఇక్కడి అంకెలు రాతి లోపలి పరమాణువుల నుంచే రావాలి.

అంకె కోసం

పరమాణువుల సంగతి తెలియకముందు వేసిన లెక్కలు తక్కువేమీ కాదు. కరిగిన భూమి ఇప్పటి వేడికి చల్లారడానికి ఎంతకాలం పడుతుందో లెక్కగట్టి, లార్డ్ కెల్విన్ 1862లో 2 కోట్ల నుంచి 40 కోట్ల సంవత్సరాల మధ్య అన్నాడు. 1897 నాటికి దాన్ని 2 నుంచి 4 కోట్లకు కుదించాడు. 1899లో జాన్ జోలీ సముద్రంలో పేరుకున్న ఉప్పును కొలిచి 8, 9 కోట్లు అన్నాడు. వారి గణితం దోషం లేనిదే. నదులు తెచ్చిన ఉప్పు మళ్లీ రాళ్లలోకి చేరుతుందని జోలీ లెక్కలోకి రాలేదు. భూగర్భంలో పదార్థం నెమ్మదిగా కదులుతూ వేడిని పైకి మోస్తుందని కెల్విన్ లెక్కలోకి రాలేదు.

1896లో హెన్రీ బెకరెల్ రేడియోధార్మికతను కనిపెట్టాక దారి తెరుచుకుంది. యురేనియం తనంతట తాను విచ్ఛిన్నమై చివరికి సీసంగా మారుతుంది. ఆ మార్పు వేగం వేడికీ ఒత్తిడికీ ఆమ్లాలకూ లొంగదు. అమెరికా రసాయన శాస్త్రవేత్త బెర్‌ట్రామ్ బోల్ట్‌వుడ్ 1907లో ఖనిజాల్లో యురేనియం, సీసం పాళ్లు కొలిచి తొలి వయసులు ప్రకటించాడు. వాటిలో అన్నిటికన్నా పాతదిగా, 220 కోట్ల సంవత్సరాలుగా, తేలింది శ్రీలంక నుంచి వచ్చిన ఖనిజం. 1911లో ఇరవై ఒక్కేళ్ల ఆర్థర్ హోమ్స్ లండన్‌లో నార్వే రాయి ఒకదానికి 37 కోట్ల సంవత్సరాలని లెక్కగట్టాడు. ఆ రాయి డెవోనియన్ కాలానిదని అప్పటికే తెలుసు. అలా పొరల వరుసకు మొదటిసారి ఒక అంకె అతుక్కుంది. చివరికి 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ ఉల్కల్లోని సీసాన్ని కొలిచి భూమి వయసు 455 కోట్ల సంవత్సరాలని తేల్చాడు. గాలిలో, గోడల్లో, మనిషి జుట్టులో కూడా ఉండే సీసం తన నమూనాను పాడుచేయకుండా ప్యాటర్సన్ కట్టుకున్న గదే నేటి పరిశుభ్ర ప్రయోగశాలలకు మూలం.

జిర్కాన్ ఒంటి మీది లెక్క

గ్రానైటు వయసు చెప్పడంలో అన్నిటికన్నా నమ్మకమైన సాక్షి జిర్కాన్. ఇసుక రేణువంత కూడా ఉండని ఈ ఖనిజం గ్రానైటు ద్రవంలో స్ఫటికంగా కట్టేటప్పుడు యురేనియాన్ని తనలోకి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి ఈనాడు అందులో కనిపించే సీసం దాదాపు అంతా లోపలే యురేనియం నుంచి పుట్టినది. పైగా యురేనియం రెండు రూపాల్లో ఉంటుంది. యురేనియం-238 సగానికి తగ్గడానికి 447 కోట్ల సంవత్సరాలు, యురేనియం-235 సగానికి తగ్గడానికి 70.4 కోట్ల సంవత్సరాలు పడుతుంది. మొదటిది సీసం-206గా, రెండోది సీసం-207గా మారతాయి. 250 కోట్ల సంవత్సరాల గ్రానైటు జిర్కాన్‌లో, మొదట ఉన్న ప్రతి వంద యురేనియం-238 పరమాణువుల్లో 68 మిగిలి ఉంటాయి. యురేనియం-235 అయితే వందకు ఎనిమిదో తొమ్మిదో మిగులుతాయి.

ఒకే రేణువు లోపల రెండు వేర్వేరు వేగాల లెక్క నడుస్తుందన్నమాట. రెండూ ఒకే వయసు చెబితే ఆ రేణువు పుట్టినప్పటి నుంచి చెదరలేదని అర్థం. చెదిరి కొంత సీసం బయటికి పోయి ఉంటే రెండు అంకెలూ కలవవు. ఆ తేడా ఎలా వచ్చిందో, అసలు వయసెంతో రాబట్టే గ్రాఫును జార్జ్ వెదరిల్ 1956లో రూపొందించాడు. దాని పేరు కాంకార్డియా. వేరే ఏ పద్ధతికీ ఇంత సొంత తనిఖీ లేదు. ఆస్ట్రేలియా జాక్ హిల్స్‌లో దొరికిన జిర్కాన్ ఒకటి 440 కోట్ల సంవత్సరాలదని ధైర్యంగా చెప్పగలిగింది ఈ తనిఖీ వల్లే.

పని మాత్రం ఓపికతో కూడింది. పదుల కిలోల రాయిని కొట్టి, పొడి చేసి, నీటిలో జాలించి తేలికవాటిని వదిలేస్తారు. మిగిలినదాన్ని మిథిలీన్ అయోడైడ్ వంటి బరువైన ద్రవంలో వేస్తే జిర్కాన్లు అడుగుకు చేరతాయి. అయస్కాంతంతో ఇతర ఖనిజాలను ఏరేసి, సూక్ష్మదర్శిని కింద రేణువులను ఒక్కొక్కటిగా ఎంచుతారు. ఆ తర్వాత వాటిని ఆమ్లంలో కరిగించి మాస్ స్పెక్ట్రోమీటర్‌లో సీసం, యురేనియం పరమాణువులను బరువును బట్టి వేరుచేసి లెక్కిస్తారు. కరిగించకుండా, అయాన్ల ధారతో రేణువులో ఒక చుక్కంత చోటునే తవ్వి కొలిచే ష్రింప్ అనే యంత్రాన్ని ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయం తయారుచేసింది. దానివల్ల ఒకే రేణువు నడిబొడ్డుకు ఒక వయసు, దాని మీద తర్వాత పెరిగిన పొరకు ఇంకో వయసు విడిగా తెలుస్తాయి.

వయసు అంటే ఏ క్షణం నుంచి లెక్క? ఖనిజం ఒక హద్దు కన్నా చల్లబడినప్పుడు మూత బిగించిన ఊరగాయ జాడీలా మారుతుంది. లోపలిది బయటికి పోదు, బయటిది లోపలికి రాదు. జిర్కాన్‌కు ఆ మూత 900 డిగ్రీల సెల్సియస్ దగ్గరే పడుతుంది. నల్ల అభ్రకంలోని ఆర్గాన్‌కు అది సుమారు 300 డిగ్రీల దాకా పడదు. అందుకే ఒకే గ్రానైటులో జిర్కాన్ ఒక వయసు, అభ్రకం దానికన్నా తక్కువ వయసు చెబితే తప్పు జరిగినట్టు కాదు. మొదటిది రాయి పుట్టిన కాలం, రెండోది అది చల్లారిన కాలం, లేదా తర్వాతెప్పుడో మళ్లీ కాగి చల్లారిన కాలం.

గద్వాల వైపు ఈ చిక్కు బాగా తెలుస్తుంది. కర్నూలు జిల్లా వెల్దుర్తి నుంచి కృష్ణా తుంగభద్రల నడిగడ్డలోని గద్వాల మీదుగా సాగే పొడవాటి ఆకుపచ్చ, నల్ల రాళ్ల పట్టీని గద్వాల శిస్టు బెల్టు అంటారు. ఇవి ఒకప్పటి సముద్రగర్భ లావాలు. తర్వాత వేడికీ ఒత్తిడికీ రూపు మారాయి. మామూలుగా నేటి పసిఫిక్ ద్వీపమాలల దగ్గర మాత్రమే కనిపించే బోనినైట్ అనే అరుదైన లావాను ఇక్కడ గుర్తించినట్టు ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్త సి. మాణిక్యాంబ, సహచరులు 2005లో ప్రకటించారు. ఒక భూఫలకం ఇంకో దాని కిందికి దూరే ప్రక్రియ అంత పూర్వమే మొదలైందా అన్న వాదనలో గద్వాల రాళ్లు అప్పటి నుంచి సాక్ష్యంగా నిలిచాయి. తేలికగా చెదిరిపోయే రుబీడియం, పొటాషియం పద్ధతులు ఇలాంటి రాళ్లకు పనికిరావు. వేడికి అంతగా కదలని హాఫ్నియం, నియోడైమియం ఐసోటోపులతో కొలిచాకే ఆ లావాలు దాదాపు 270 కోట్ల సంవత్సరాల కిందటివని తేలింది.

నల్ల డైకుల కాలం

గ్రానైటులో జిర్కాన్ ఉంటుంది సరే, దాన్ని చీల్చిన నల్ల డైకులో సాధారణంగా ఉండదు. జిర్కాన్ కట్టడానికి కావలసిన సిలికా బసాల్టు ద్రవంలో తక్కువ. దాంతో మహబూబ్‌నగర్ డైకుల వయసు చాలాకాలం అంచనాగానే ఉండిపోయింది.

1997లో బి.కె. పాండే బృందం ఈ డైకుల మీద సమేరియం-నియోడైమియం, సీసం-సీసం, రుబీడియం-స్ట్రాన్షియం పద్ధతులు మూడూ ప్రయోగించి ఫలితాలు ప్రచురించింది. సమేరియం-147 అర్ధాయువు 10,600 కోట్ల సంవత్సరాలు. అంటే భూమి పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా అందులో మూడు శాతం కూడా తరగలేదు. ఆ చిన్న తరుగును కొలిచి, ఒకే ద్రవం నుంచి పుట్టిన వేర్వేరు ఖనిజాల విలువలు ఒకే సరళరేఖ మీద పడతాయో లేదో చూసి, ఆ రేఖ వాలు నుంచి వయసు రాబడతారు. ఆ రేఖను ఐసోక్రోన్ అంటారు. పాలమూరు డైకులకు వచ్చిన జవాబు 217.3 కోట్ల సంవత్సరాలు, అటూ ఇటూ 6.4 కోట్లు.

అటూ ఇటూ అన్న ఆ మాటే ఈ శాస్త్రంలో నిజాయితీకి గుర్తు. 6.4 కోట్ల సంవత్సరాల అనిశ్చితి చిన్నది కాదు. డైనోసార్లు అంతరించినప్పటి నుంచి నేటిదాకా గడిచిన కాలం దాదాపు అంతే. దాన్ని తగ్గించింది బాడెలైట్ అనే మరో ఖనిజం. సిలికా చాలనిచోట జిర్కోనియం ఆక్సైడుగా ఏర్పడే ఈ సన్నని గోధుమరంగు పలకలు కూడా యురేనియాన్ని పట్టుకుని సీసాన్ని వదిలేస్తాయి. కెనడాకు చెందిన ఫ్రెంచ్, హీమన్ అనే శాస్త్రవేత్తలు 2010లో ధార్వాడ్ డైకులను ఈ పద్ధతితో కొలిచారు. వాటిలో బండేపాలెం డైకు 217.65 కోట్ల సంవత్సరాలదని, తేడా 37 లక్షలకు మించదని తేలింది. అంకె మారలేదు, పదును పెరిగింది. వేర్వేరు ఖనిజాలు, వేర్వేరు మూలకాలు, వేర్వేరు ప్రయోగశాలలు ఒకే చోటికి రావడం వల్లే 218 కోట్ల ప్రాంతంలో ఇక్కడ భారీ అగ్నిపర్వత చర్య జరిగిందన్నది ఇప్పుడు స్థిరపడిన విషయం. బెంగళూరు నుంచి అనంతపురం దాకా పరుచుకున్న మరో డైకుల గుంపు 236.6 కోట్లదని తేలింది. కంటికి ఒకేలా కనిపించే నల్లరాళ్లలో 20 కోట్ల సంవత్సరాల తేడా ఉంది. సుత్తితో కొట్టి చూస్తే అది తెలియదు.

నారాయణపేట వివాదం

ఒక వయసును నమ్మాలా వద్దా అన్న ప్రశ్న ఎంత గట్టిగా రావచ్చో నారాయణపేట కింబర్లైట్లు చూపాయి. భూగర్భంలో 150 కిలోమీటర్ల కన్నా లోతు నుంచి, వాయువుల తోడుతో వేగంగా పైకి దూసుకొచ్చి గొట్టాల్లా గడ్డకట్టే రాయి కింబర్లైటు. వజ్రాలను పైకి మోసుకొచ్చేది ఇదే. అనంతపురం జిల్లా వజ్రకరూరు పైపులకు ఆ పేరుంది. నారాయణపేట, మద్దూరు, కోటకొండ ప్రాంతాల పైపుల్లో చెప్పుకోదగ్గ వజ్రాలు దొరకలేదు గానీ, వాటిలో ఫ్లోగోపైట్ అనే అభ్రకం ఉంది. వయసు కొలవడానికి అది చాలు.

ఎన్‌జీఆర్‌ఐకి చెందిన అనిల్ కుమార్, కె. గోపాలన్, సహచరులు 1993లో ఆ అభ్రకాన్ని రుబీడియం-స్ట్రాన్షియం పద్ధతితో కొలిచారు. వజ్రకరూరు, కోటకొండ, మధ్యప్రదేశ్‌లోని మఝ్‌గవాన్ పైపులన్నీ దాదాపు 110 కోట్ల సంవత్సరాల ప్రాంతంలో, ఇంచుమించు ఒకే కాలంలో వచ్చాయని రాశారు. మూడేళ్లకు ఎన్.వి. చలపతిరావు, సహచరులు పొటాషియం-ఆర్గాన్ పద్ధతితో కొలిచి, అవి ఒకే కాలానివి కావన్నారు. 1999లో ఆయన బృందం చేసిన మరింత మెరుగైన ఆర్గాన్-ఆర్గాన్ కొలతలో కోటకొండ వయసు 140 కోట్లుగా వచ్చింది. ఒకే పైపు, ఒకే రకం ఖనిజం, తేడా 30 కోట్ల సంవత్సరాలు.

ఎవరి కొలతా నిర్లక్ష్యంగా చేసింది కాదు. అసలు ప్రశ్న, ఆ అభ్రకం తనలో ఏమి దాచుకుంది, ఏమి పోగొట్టుకుంది అన్నది. రుబీడియం పద్ధతి తక్కువ వయసు చెప్పిందంటే, తర్వాత రాతిలోకి ఇంకిన నీరు స్ట్రాన్షియాన్ని కొంత కడిగేసి ఉండవచ్చు. అలాగైతే 140 కోట్లే నిజం. ఆర్గాన్ పద్ధతి ఎక్కువ చెప్పిందంటే, లోతుల నుంచి వచ్చేటప్పుడే కొంత ఆర్గాన్ వాయువు అభ్రకంలో చిక్కుకుని ఉండవచ్చు. లోపలే పుట్టిన ఆర్గాన్‌నూ బయటి నుంచి వచ్చిన ఆర్గాన్‌నూ విడదీయకపోతే వయసు పెరిగిపోతుంది. అలాగైతే 110 కోట్లే నిజం.

గోపాలన్, అనిల్ కుమార్ 2008లో దీనికి వెతికిన పరిష్కారం ఎంతో తెలివైనది. పొటాషియం-40 విచ్ఛిన్నమైనప్పుడు వందలో సుమారు 11 పాళ్లే ఆర్గాన్ అవుతుంది. మిగిలిన 89 పాళ్లు కాల్షియం-40 అవుతాయి. అంటే ఆర్గాన్ పద్ధతికి మూలమైన అదే పొటాషియాన్ని, వాయువు కాని రెండో దారిలో పరీక్షించవచ్చు. కాల్షియం లోతుల నుంచి వాయువుగా వచ్చి అభ్రకంలో చిక్కుకునేది కాదు. ఇంత మంచి పద్ధతిని ఎవరూ పెద్దగా వాడకపోవడానికి కారణం ఉంది. ప్రకృతిలోని కాల్షియంలో దాదాపు 97 శాతం కాల్షియం-40యే. కొత్తగా పుట్టిన కొద్దిపాటి కాల్షియం ఆ రాశిలో కనిపించదు. కానీ ఫ్లోగోపైట్‌లో పొటాషియం మెండు, కాల్షియం అత్యల్పం. మాస్ స్పెక్ట్రోమీటర్‌ను చాలా నిశితంగా నడపగలిగితే ఆ పెరుగుదల పట్టుబడుతుంది. ఉప్పల్ ప్రయోగశాలలో అది పట్టుబడింది. నారాయణపేట అభ్రకాల పొటాషియం-కాల్షియం వయసు రుబీడియం చెప్పిన 110 కోట్ల పక్షానే నిలిచింది. ఎక్కువైనది ఆర్గాన్.

తర్వాత 2013లో ఈ కింబర్లైట్లలోని పెరోవ్‌స్కైట్ ఖనిజాన్ని యురేనియం-సీసం పద్ధతితో కొలిచిన బృందం కూడా 110 కోట్ల చుట్టుపక్కలకే వచ్చింది. ఆ బృందానికి ముందు నిలిచింది ఒకప్పుడు 140 కోట్లని ప్రకటించిన చలపతిరావే. తన పాత అంకెను తానే మరో పద్ధతితో పరీక్షకు పెట్టిన ఆయన పనికి, కాల్షియాన్ని వెతికిన ఉప్పల్ శాస్త్రవేత్తల పనికి సమానమైన గౌరవం దక్కాలి. దక్షిణాన వజ్రకరూరు నుంచి ఉత్తరాన నారాయణపేట దాకా భూమి లోతుల్లో ఒకే కాలంలో అలజడి రేగిందని ఈ రెండు పక్షాల కృషి వల్లే తెలిసింది. పెరోవ్‌స్కైట్ ఇంకో ఆశ్చర్యం కూడా బయటపెట్టింది. అనంతపురం జిల్లాలోనే తిమ్మసముద్రం కింబర్లైటు కేవలం 9 కోట్ల సంవత్సరాల కిందటిదని 2016లో వెల్లడైంది. భారత భూభాగం నుంచి మడగాస్కర్ విడిపోయిన కాలం అది.

ఇసుకరాయికి వయసు

శ్రీశైలం క్వార్ట్‌జైటులోని ఇసుక రేణువును నేరుగా కొలిస్తే వచ్చేది ఆ రేణువు పుట్టిన గ్రానైటు వయసే, ఇసుక పేరుకున్న కాలం కాదు. అవక్షేప శిలలతో వచ్చే కష్టం ఇదే. అయినా రేణువు ఒక హద్దు చెబుతుంది. ఇసుకరాయిలోని వందల జిర్కాన్లను కొలిస్తే, వాటిలో అతి చిన్న వయసున్న రేణువు కన్నా ఆ రాయి పాతది కాజాలదు. కర్నూలు గ్రూపు రాళ్లలోని జిర్కాన్లను బట్టి అవి 91 కోట్ల సంవత్సరాల తర్వాతే పేరుకున్నాయని 2015లో ఒక అంతర్జాతీయ బృందం తేల్చింది. ఆ గ్రూపు అడుగున ఉన్న బనగానపల్లె గులకరాళ్ల పొరలో వజ్రాలు దొరుకుతాయి. అవి వజ్రకరూరు తరహా పైపుల నుంచే కొట్టుకొచ్చి ఉంటే, స్టెనో కాలపు పాత తర్కంతోనూ ఆ పొర 110 కోట్ల కన్నా తర్వాతిదే కావాలి. రెండూ ఒకదానికొకటి సరిపోతున్నాయి.

పై హద్దు కోసం ఆ పొరల్లోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిలను వెతకాలి. కడప జిల్లా పులివెందుల దగ్గర తాడిపత్రి పొరల మధ్యకు అడ్డంగా దూరిన నల్లటి సిల్లు ఒకటి ఉంది. దాని బాడెలైట్ వయసు 188.54 కోట్ల సంవత్సరాలని 2008లో తేలింది. కాబట్టి తాడిపత్రి పొరలు, వాటి కింద ఉన్న వేంపల్లె సున్నపురాళ్లు అంతకన్నా ముందువి. అంతకుముందు వేంపల్లె, తాడిపత్రి రాళ్లలోని సీసాన్ని నేరుగా కొలిచినప్పుడు సుమారు 175.6 కోట్లు వచ్చింది. అది రాయి ఏర్పడిన కాలం కాదని, తర్వాత ద్రవాలు ప్రవహించి రసాయనం మారిన కాలమని సిల్లు వయసుతో పోల్చితేనే అర్థమవుతుంది.

లావా, అయస్కాంతం, శిలాజం

తాండూరు, వికారాబాద్, జహీరాబాద్ వైపు కనిపించే నల్ల లావా పొరలు దక్కను ట్రాప్స్ తూర్పు అంచు. ఇవి దాదాపు 6.6 కోట్ల సంవత్సరాల కిందటివి. డైనోసార్ల అంతంతో ముడిపడినందువల్ల వీటి వయసు మీద ప్రపంచమంతా కన్నేసింది. రాజమండ్రి దగ్గర కాతేరు, గౌరీపట్నం క్వారీల్లోనూ ఈ లావాలే. పశ్చిమ కనుమల్లో ఉబికి వందల కిలోమీటర్లు ప్రవహించి తూర్పు తీరం చేరాయని ఎక్కువమంది అభిప్రాయం. ఇక్కడి గొప్పదనం లావాల నడుమ ఉన్న సముద్రపు పొర. అందులోని అతి సూక్ష్మజీవులైన ఫొరామినిఫెరా శిలాజాలు, మహా వినాశనం దాటిన వెంటనే పుట్టిన జాతులవని 2008లో గెర్టా కెల్లర్ బృందం చూపింది. కాబట్టి కింది లావా ఆ వినాశనపు కాలానికి దగ్గరగా ఆగింది.

లావా చల్లారేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు నాటి భూ అయస్కాంత దిశను పట్టి ఉంచుతాయి. భూమి ఉత్తర, దక్షిణ ధ్రువాలు గతంలో ఎన్నోసార్లు తారుమారయ్యాయి. దక్కను లావాల్లో అధిక భాగం తారుమారైన దిశనే చూపుతాయి. అంటే ఆ లావా మందంలో ఎక్కువ భాగం ఆ ఒక్క తారుమారు దశలోనే, పది లక్షల సంవత్సరాల లోపే, పేరుకుందన్నమాట. అయినా ఆ లావా సరిగ్గా ఎప్పుడు పొంగిందన్న వివాదం ముగియలేదు. 2019లో ఒకే పత్రిక సంచికలో రెండు బృందాలు వేర్వేరు ఫలితాలు ప్రకటించాయి. జిర్కాన్లు కొలిచినవారు, ఆ మహా వినాశనానికి కారణమని భావించే ఉల్క పడడానికి వేల సంవత్సరాల ముందే పెద్ద విస్ఫోటం ఒకటి మొదలైందన్నారు. ఆర్గాన్ కొలిచినవారు లావాలో ఎక్కువ భాగం ఉల్క పడ్డాకే వచ్చిందన్నారు. ఇంత తక్కువ తేడా గురించి వాదించగలిగే స్థితికి రావడమే ఒక విజయం.

బూడిద కింద, బూడిద పైన

రాతి వయసు అనగానే చాలామందికి కార్బన్-14 గుర్తొస్తుంది. కానీ దాని అర్ధాయువు 5,730 సంవత్సరాలే. సుమారు 50 వేల సంవత్సరాలు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. పైగా అది ఒకప్పుడు బతికున్నవాటికే, అంటే బొగ్గు, ఎముక, గవ్వల వంటివాటికే, పనికొస్తుంది. గ్రానైటుకు దానితో పనే లేదు. కార్బన్ ఆగిపోయిన చోటుకూ ఆర్గాన్ తేలికగా పనిచేసే చోటుకూ మధ్య ఉన్న కాలానికి ఇసుకలోని వెలుగు ఉపయోగపడుతుంది.

ఎండలో ఉన్న క్వార్ట్‌జ్ రేణువులో అంతకుముందు చిక్కుకున్న ఎలక్ట్రాన్లు ఖాళీ అవుతాయి. మట్టి కింద పూడిపోయాక చుట్టూ ఉన్న సహజ రేడియోధార్మికత వల్ల మళ్లీ నిండడం మొదలవుతుంది. చీకటి గదిలో ఆ రేణువు మీద కాంతి ప్రసరింపజేస్తే చిక్కుకున్న శక్తి వెలుగుగా బయటపడుతుంది. ఆ వెలుగు ఎంతో, ఏటా నిండే మోతాదు ఎంతో తెలిస్తే, రేణువు చివరిసారి ఎండ చూసి ఎంతకాలమైందో చెప్పవచ్చు. నమూనాను ఇనుప గొట్టంతో, వెలుతురు తగలకుండా తీయాలి. క్షణం ఎండ తగిలితే లెక్క చెరిగిపోతుంది.

బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలోని జ్వాలాపురంలో ఈ పద్ధతి గొప్ప ఫలితమిచ్చింది. అక్కడ మట్టి పొరల మధ్య తెల్లటి అగ్నిపర్వత బూడిద కనిపిస్తుంది. ఆ బూడిదలోని గాజు రేణువుల రసాయనం ఇండోనేషియా సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతంతో సరిపోయింది. టోబా చివరి మహా విస్ఫోటం సుమారు 74 వేల సంవత్సరాల కిందటిదని ఆర్గాన్ పద్ధతిలో విడిగా తేలింది. మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడ్ కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిశెట్టర్, సహచరులు 2007లో ఈ ఫలితాలు ప్రచురించారు. బూడిద కింది మట్టికి వెలుగు పద్ధతిలో వచ్చిన వయసు 77 వేల సంవత్సరాలు, పై మట్టికి 74 వేలు. కొలతలో ఉన్న ఆరేడు వేల సంవత్సరాల అనిశ్చితిని కలుపుకుంటే ఇవి టోబా అంకెకు చక్కగా సరిపోతాయి. మీటర్ల మందాన కనిపించే ఆ బూడిదలో ఎక్కువ భాగం ఆకాశం నుంచి నేరుగా రాలింది కాదు, చుట్టుపక్కల వాలుల నుంచి వానలకు కొట్టుకొచ్చి పేరుకున్నది. కాబట్టి నిజంగా రాలిన పలుచని పొర ఏదో ముందు గుర్తించాల్సి వచ్చింది. ఆ పొరకు కింద, పైన రెండు చోట్లా రాతి పనిముట్లు దొరికాయి, వాటి తయారీ తీరులో పెద్ద మార్పు కనబడలేదు. వాటిని చెక్కినది ఆధునిక మానవులేనా, ఇంకో జాతి మనుషులా అన్నదాని మీద వాదన ఇంకా నడుస్తోంది. ఆ పొరల్లో మనిషి ఎముక ఏదీ దొరకలేదు.